మా జీడిపప్పు ఫ్యాక్టరీకి నా ముఖం చూపించాలా? నెట్‌లో పేరు ఎలా నిలబెట్టుకోవాలి?

ఉద్దానం అమ్మాయి (కాశీబుగ్గ) – ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది పలాస పక్కనే కాశీబుగ్గలో చిన్న జీడి ఫ్యాక్టరీ. నాన్నగారు ఇరవై రెండేళ్లుగా నడుపుతున్నారు. పిక్క (పెంకుతో ఉన్న జీడిగింజ) కొట్టడానికి, పొట్టు తీయడానికి, గ్రేడు చేయడానికి అంతా కలిపి పద్నాలుగు మంది ఆడవాళ్లు పనిచేస్తారు. ఇన్నాళ్లూ సరుకంతా దళారికే వేశాం. ఆయన చెప్పిందే ధర, ఆయన ఇచ్చిన రోజే డబ్బు.

నేను విశాఖపట్నంలో మూడేళ్లు ఉద్యోగం చేసి ఇంటికి తిరిగి వచ్చాను. కొంత సరుకైనా తినేవాళ్లకు నేరుగా అమ్మాలని ఎనిమిది నెలల క్రితం ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీ తెరిచాను. ఇప్పటికి నలభై పోస్టులు పెట్టాను. పదకొండు ఆర్డర్లు వచ్చాయి. వాటిలో ఏడు మా చుట్టాలవే.

ఈ మధ్య ఒక సలహాదారు ఫోను చేశాడు. నెలకు ఇరవై అయిదు వేలు ఇస్తే నా పేరునే ఒక బ్రాండుగా తయారు చేస్తాడట. రోజుకొక రీలు, ప్రతి దానిలో నా ముఖం, రోజుకో ప్రేరణ వాక్యం. నాన్నగారికి చెబితే ఒకే మాట అన్నారు: "సరుకు మాట్లాడాలి గాని మనం మాట్లాడితే ఏం వస్తుందమ్మా?"

నా ప్రశ్నలు ఇవి. నేను ముఖం చూపించాలా, లేక ఫ్యాక్టరీ పేరుతోనే ఉండాలా? రీల్సు చాలా, లేక బ్లాగు కూడా రాయాలా? ఈ రోజుల్లో బ్లాగు చదివేవాళ్లు ఉన్నారా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కుట్టుమిషను (విజయనగరం) – ఆదివారం రాత్రి 9:50

చెల్లీ, ముందుగా ఆ ఇరవై అయిదు వేలు ఇవ్వకు. ఆ డబ్బుతో మంచి ప్యాకింగ్ యంత్రం వస్తుంది.

ముఖం సంగతికి వస్తే, చూపించాలి అన్నదే నా మాట. నేను కోట దగ్గర జాకెట్లు కుడతాను, మగ్గం పని చేయిస్తాను. మొదట్లో కుట్టిన జాకెట్ల ఫొటోలు మాత్రమే పెట్టేదాన్ని. ఎవరూ పట్టించుకోలేదు. అలాంటి ఫొటోలు నెట్‌లో లక్షలు ఉంటాయి, ఎవరివో ఎవరికి తెలుసు? ఒకరోజు ఒక పెళ్లికూతురి జాకెట్ చంక దగ్గర బిగుతుగా వచ్చింది. దాన్ని విప్పి మళ్లీ ఎలా సరిచేశానో కెమెరా ముందు కూర్చుని చెప్పాను. పొరపాటు నాదేనని, కొలత తీసేటప్పుడు చెయ్యి పైకెత్తించి చూడలేదని చెప్పాను. ఆ వీడియో చూసి బొండపల్లి నుంచి ఒకామె బస్సెక్కి వచ్చింది. "తప్పు చేస్తే ఒప్పుకునే మనిషివి, నీ దగ్గరే కుట్టించుకుంటాను" అంది.

మనిషిని చూసి నమ్ముతారు. మీ నాన్నగారు చెప్పింది సంతలో నిజం. అక్కడ పప్పు చేతిలోకి తీసుకుని, కొరికి చూసి కొంటారు. ఫోనులో కొరికి చూడలేరు కదా!

గంటస్తంభం (విజయనగరం) – సోమవారం ఉదయం 6:20

అమ్మా, నేను తెలుగు మాస్టారుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. 2007 నుంచి తెలుగులో బ్లాగు రాస్తున్నాను. కూడలి, జల్లెడ లాంటి సంకలినుల్లో తెలుగు బ్లాగులన్నీ ఒకచోట కనిపించే కాలం అది. ఒకరి టపా (బ్లాగు పోస్టు) కింద ఇంకొకరు పేజీలకు పేజీలు వాదించుకునేవాళ్లం.

బ్లాగు చదివేవాళ్లు ఉన్నారా అని అడిగారు. రోజూ వచ్చి చదివేవాళ్లు తగ్గారు, నిజమే. వెతుక్కుంటూ వచ్చేవాళ్లు మాత్రం తగ్గలేదు. 2011లో మా ఇంటి పనసకాయ కూర గురించి రాశాను. ఆ టపాకు ఈ నెలలో కూడా చదువరులు వచ్చారు. రీలు రెండు రోజులు పరుగెత్తి పడుకుంటుంది. టపా వెతికేవాడు వచ్చే వరకూ ఎదురుచూస్తుంది. రెండూ కావాలి, కాని రెండింటి పనీ వేరు.

ఇంకో మాట. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను మన దేశంలో నిషేధించారు. అక్కడ లక్షల మందిని కూడగట్టుకున్నవాళ్లకు మర్నాటికి ఏమీ మిగల్లేదు. వాళ్ల తప్పేమీ లేదు. అద్దె ఇంట్లో బంగారు గోడలు కట్టుకున్నారు, అంతే. రీల్సు పెట్టు, కాని ప్రతి రీలూ నీ సొంత గడపకు దారి చూపించాలి. బ్లాగర్ అనే సైటులో ఉచితంగా బ్లాగు మొదలుపెట్టవచ్చు. అది 1999లో పుట్టింది, 2003లో గూగుల్ కొన్నది, ఇప్పటికీ నడుస్తోంది. సొంత డొమైన్ పేరు (వెబ్ చిరునామా) కొని దానికి తగిలించుకోవచ్చు. ఏడాదికి పెద్ద ఖర్చేమీ కాదు. రేపు బ్లాగర్ వదిలేసి వర్డ్‌ప్రెస్‌కు మారినా ఆ పేరు నీతోనే వస్తుంది.

కుట్టుమిషను (విజయనగరం) – సోమవారం ఉదయం 7:05

మాస్టారు చెప్పిన అద్దె ఇల్లు సంగతి నేను అనుభవించాను. రెండేళ్ల క్రితం నా పాత పేజీకి ఒక సందేశం వచ్చింది. కాపీరైటు ఉల్లంఘించారు, ఇరవై నాలుగు గంటల్లో సమాధానం ఇవ్వకపోతే పేజీ తీసేస్తాం అని. చూడటానికి అచ్చం కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంది. భయపడి లింకు నొక్కాను, పాస్‌వర్డు ఇచ్చాను, ఫోనుకు వచ్చిన అంకెలు కూడా ఇచ్చాను. పది నిమిషాల్లో పేజీ ఎవరి చేతిలోకో పోయింది. నాలుగేళ్ల పని. ఖాతాదారుల నంబర్లన్నీ అందులోని సందేశాల్లోనే ఉన్నాయి, బయట ఎక్కడా రాసుకోలేదు. ఆ రాత్రి ఎంత ఏడ్చానో మా ఆయనకు తెలుసు.

చెల్లీ, ఈ రోజే రెండంచెల ధ్రువీకరణ పెట్టుకో. పేజీకి మీ నాన్నగారినో తమ్ముడినో రెండో నిర్వాహకుడిగా చేర్చు. ఆర్డరు ఇచ్చిన ప్రతి ఒక్కరి పేరు, నంబరు, ఏమి కొన్నారో పుస్తకంలో రాసుకో. కాగితం పుస్తకం.

వెలుగునీడ (రాజాం) – సోమవారం ఉదయం 10:31

నేను పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తాను, చిన్న వ్యాపారాలకు వీడియోలు కూడా. మీ పేజీ చూశాను. కోప్పడకండి, నలభై పోస్టుల్లో ముప్పై ఒకటి పండగ శుభాకాంక్షలు. వినాయక చవితికి, సంక్రాంతికి, ఇంజనీర్ల దినోత్సవానికి కూడా ఉంది. మీ ఫ్యాక్టరీ లోపల ఏముందో ఒక్క దానిలోనూ కనిపించలేదు.

జీడిపప్పు ఫొటో తీయడం కష్టం. తెల్లటి పళ్లెంలో పోసి తీస్తే పప్పు పసుపు పచ్చగా, పాతబడినట్టు కనిపిస్తుంది. మీ ఫొటోల్లో జరిగింది అదే. నల్లరాయి మీదో, పాత టేకు చెక్క మీదో, అరిటాకు మీదో పోయండి. ఉదయం ఎనిమిది లోపు కిటికీ పక్కన పెట్టి, ట్యూబులైటు ఆర్పేసి తీయండి. ఫోను తెర మీద పప్పును వేలితో తాకి వెలుతురు కొద్దిగా తగ్గించండి. ఒక గుడ్డును (విరగని పూర్తి పప్పును) రెండుగా విప్పి పక్కన పెట్టండి, లోపలి దంతం రంగు తెలుస్తుంది.

వీడియోకు సినిమా పాటలు వద్దు. ఇన్‌స్టాగ్రామ్‌లో వ్యాపార ఖాతాలకు ఆ పాటలు చాలావరకు వాడుకోవడానికి ఉండవు కూడా. మీ ఫ్యాక్టరీలో పిక్క కొట్టే చప్పుడే వినిపించండి. ఎక్కడా దొరకని శబ్దం అది.

పనసకర్ర (బొబ్బిలి) – సోమవారం మధ్యాహ్నం 2:15

మాది గొల్లపల్లి. వీణలు చేసే ఇల్లు. మీ ప్రశ్న చదివాక రాయకుండా ఉండలేకపోయాను, ఎందుకంటే ఆరేళ్ల క్రితం నాదీ ఇదే ప్రశ్న.

బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు ఉంది, పేరుంది. కాని కొనేవాడికి మా ఇంటి చిరునామా తెలియదు. మధ్యలో ఉన్న దుకాణానికే తెలుసు. నేను ముఖం చూపించే రకం కాదు, కెమెరా ముందు నోరు పెగలదు. అందుకని రాయడం మొదలుపెట్టాను. మొదటి టపా: పనస కర్రే ఎందుకు? రెండోది: ఏకాండి (ఒకే దుంగలో చెక్కిన) వీణకు, అతుకుల వీణకు తేడా ఏమిటి? మూడోది: ఇరవై నాలుగు మెట్లను మైనం మీద ఎలా నిలబెడతాం? ఆ మూడోదానికి నాలుగు రోజులు పట్టింది. మేళం కట్టేటప్పుడు, అంటే మెట్లు నిలబెట్టేటప్పుడు, నాన్న మైనంలో బొగ్గుపొడి కలిపి వేడి చేస్తారు. అది ఎంత మెత్తబడితే సరైన పాకమో మాటల్లో పెట్టాలని చూశాను. చివరికి నాన్ననే అడిగాను. "చెవితమ్మె పట్టుకున్నట్టు ఉండాలి" అన్నారు. అదే రాశాను.

ఆ ఒక్క వాక్యం చదివి చెన్నైలో వీణ నేర్పే ఒక అమ్మగారు ఫోను చేశారు. ముప్పై ఏళ్లుగా వీణ వాయిస్తున్నాను, మెట్లు ఎలా నిలబడతాయో ఇలా చెప్పినవాళ్లు లేరన్నారు. రెండు నెలల తర్వాత ఆమె శిష్యురాలికి వీణ చేసిచ్చాం. ఆ తర్వాత ఆమె నుంచే ఇంకో అయిదు.

నా ముఖం ఇప్పటికీ ఎవరికీ తెలియదు. మా నాన్న చేతులు మాత్రం చాలామందికి తెలుసు. పేరు నిలబడటానికి ముఖమే కావాలని లేదు. పొందూరు ఖద్దరు తలుచుకోగానే మనకు గుర్తొచ్చేది ఏమిటి? వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేస్తారన్న సంగతి. ఆ పని చేసే అమ్మల ముఖాలు ఎంతమందికి తెలుసు?

కుట్టుమిషను (విజయనగరం) – సోమవారం మధ్యాహ్నం 3:02

తమ్ముడూ, నువ్వు చెప్పింది బాగుంది, కాని అక్కడే నాకు బాధ కూడా ఉంది. ఆ అమ్మల ముఖాలు తెలియకపోవడం మంచిదంటావా? వాళ్ల పేర్లు తెలిసి ఉంటే వాళ్లకు దక్కే కూలి ఇంకోలా ఉండేదేమో. చేతులు చూపించి పేరు దాచేస్తే, రేపు ఎవరైనా ఆ చేతుల ఫొటో తీసుకుపోయి తమ సరుకు మీద వేసుకోవచ్చు. నా డిజైన్ల ఫొటోలు అలా ఎన్ని పోయాయో!

పనసకర్ర (బొబ్బిలి) – సోమవారం మధ్యాహ్నం 3:40

అక్కా, ఒప్పుకుంటున్నాను. నేను నా ముఖం గురించే ఆలోచించాను, వాళ్ల గురించి ఆలోచించలేదు. మా టపాల్లో నాన్న పేరు, వీణ చెక్కిన మా బాబాయి పేరు వేస్తాం. అది లేకపోతే రాయడంలో న్యాయం లేదు.

మందస రైతు – సోమవారం రాత్రి 8:25

నేను వ్యాపారిని కాను, మూడెకరాల జీడితోట ఉన్నవాణ్ణి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా తోటలో ముప్పావు వంతు చెట్లు ఒక్క రాత్రిలో పడిపోయాయి. మళ్లీ నాటుకున్నాం. అందుకే ఈ విషయంలో నాకు కొంచెం కోపం ఉంది, మన్నించండి.

ఫ్యాక్టరీలవాళ్లు అందరూ ప్యాకెట్ మీద "పలాస జీడిపప్పు" అని వేస్తారు. ఉద్దానం తోటల బొమ్మ వేస్తారు. లోపల ఉన్న పప్పులో ఆఫ్రికా నుంచి ఓడలో దిగిన పిక్క ఎంత? మేం ఎనభై కిలోల బస్తా పట్టుకుని ధర కోసం రోడ్డు మీద ధర్నా చేస్తుంటే, మా తోట బొమ్మతో వేరే దేశం పిక్క అమ్ముడవుతోంది. అమ్మాయి గారూ, మీరు బ్లాగు రాస్తే ఈ సంగతి రాస్తారా? రాయకపోతే మీ ముఖం చూపించినా, దాచుకున్నా నాకు ఒకటే.

ఉద్దానం అమ్మాయి (కాశీబుగ్గ) – సోమవారం రాత్రి 11:48

బాబాయి గారూ, మీ మాట చదివి రెండు గంటలు ఏమీ రాయలేకపోయాను. మేమూ బయటి పిక్క కొంటాం. ఇక్కడి పంట వేసవిలో వస్తుంది, అది ఏడాది పొడవునా మాకు సరిపోదు. పని ఆపేస్తే పద్నాలుగు ఇళ్లలో కూలి ఆగిపోతుంది. నాన్నగారు దీన్ని ఎప్పుడూ దాచలేదు, కాని ఎవరూ అడగలేదు, మేం చెప్పలేదు. నా పేజీలో కొబ్బరిచెట్ల మధ్య జీడితోట బొమ్మ ఉంది. ఆ బొమ్మ కింద మేం అమ్మిన పప్పు ఏ పిక్కదో నిజంగా నాకే తెలియదు. రేపు గోదాములో అడుగుతాను.

నాగావళి ఒడ్డున (శ్రీకాకుళం) – మంగళవారం ఉదయం 8:10

నేను పన్నుల పని చేసేవాణ్ణి. రైతు గారు ఎత్తిన విషయం మీద ముందు చెబుతాను. పలాసలో తయారైంది అనడం వేరు, పలాసలో పండింది అనడం వేరు. మొదటిది మీరు ఎప్పుడైనా చెప్పుకోవచ్చు, ఎందుకంటే కొట్టింది, ఎండబెట్టింది, పొట్టు తీసింది మీవాళ్లే. రెండోది నిజమైన బ్యాచ్ మీద మాత్రమే చెప్పాలి. స్థానిక పిక్కతో చేసిన పప్పును వేరే సంచిలో, వేరే లేబులుతో అమ్మండి. ధర ఎక్కువ పెట్టండి, ఎందుకు ఎక్కువో రాయండి. కొనేవాళ్లు కొంటారు.

తర్వాత కాగితాల పని. ఇది విసుగ్గా ఉంటుంది, కాని నలుగురికీ కనిపించే ముందే పూర్తి కావాలి. పేరు పెరిగాక అధికారులకూ కనిపిస్తారు. ఆహార పదార్థం కనుక ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నమోదు లేదా లైసెన్సు తప్పనిసరి. ఆ పద్నాలుగు అంకెల నంబరు ప్యాకెట్ మీద ఉండాలి. తయారుచేసినవారి పేరు, చిరునామా, నికర బరువు, తయారైన లేదా ప్యాక్ చేసిన తేదీ, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ ధర, ఫిర్యాదుకు ఫోను నంబరు కూడా ఉండాలి. నెట్‌లో అమ్మే పేజీలో కూడా ఈ వివరాలు చూపించండి. ఇక చాలామంది పొరబడేది జీఎస్టీ దగ్గర. నలభై లక్షల లోపు వ్యాపారమే కదా, అక్కరలేదు అనుకుంటారు. పన్ను పడే సరుకు రాష్ట్రం దాటి అమ్మితే ఆ పరిమితి మీకు వర్తించదు, మొదటి ప్యాకెట్ నుంచే నమోదు ఉండాలి. బరంపురం మీకు గంటన్నర దూరమే కావచ్చు, అది ఒడిశా.

పేరు గురించి కూడా ఒక మాట. ఊరి పేరునే ట్రేడ్‌మార్క్‌గా సొంతం చేసుకోవడం దాదాపు కుదరదు. ఊరు అందరిదీ. మీకంటూ వేరే మాట ఒకటి ఎంచుకోండి. ట్రేడ్‌మార్క్ సరుకుల జాబితాలో జీడిపప్పు 29వ తరగతిలోకి వస్తుంది. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము తరగతికి 4,500 రూపాయలు. లక్షమంది చూశాక పేరు మార్చుకోవడం కంటే ఇది చాలా చవక.

గంటస్తంభం (విజయనగరం) – మంగళవారం ఉదయం 9:30

అమ్మా, రాత్రి నువ్వు రైతు గారికి రాసిన జవాబు చూశావా? అదే నీ మొదటి టపా. అంత నిజాయతీగా ఇంకేదీ రాయలేవు. ఏమీ దిద్దకుండా, పిక్క ఎక్కడి నుంచి వస్తుందో గోదాములో అడిగి తెలుసుకున్నది కలిపి రాయి.

తర్వాత ఏం రాయాలి అన్న బెంగ వద్దు. ఒక నోటుపుస్తకం ఫ్యాక్టరీ గేటు దగ్గర పెట్టు. కొనడానికి వచ్చినవాళ్లు అడిగే ప్రతి ప్రశ్ననూ వాళ్ల మాటల్లోనే రాసుకో. మా ఇంట్లో మా ఆవిడ అడిగేవే చెబుతాను. పప్పు వారానికే మెత్తబడింది, ఎందుకు? డబ్ల్యూ 180 అంటే ఏమిటి, 320 అంటే ఏమిటి? పాయసానికి గుడ్డు కొనాలా, బద్ద (సగంగా విడిన పప్పు) చాలా? ఒక్కో ప్రశ్నకు ఒక్కో టపా. శీర్షికలో ఆ ప్రశ్ననే పెట్టు. జనం వెతికేది ఆ మాటలతోనే. మనవాళ్లు తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి వెతుకుతారు కనుక టపా చిరునామాలో ఆ రూపాన్ని కూడా ఉంచు.

కొనమని ఎక్కడా బతిమాలకు. బద్ద చాలే చోట బద్దే కొనమని చెప్పు. నీకు లాభం తగ్గే మాట నువ్వే చెబితే, మిగతా మాటలన్నీ నమ్ముతారు.

ఉద్దానం అమ్మాయి (కాశీబుగ్గ) – మంగళవారం రాత్రి 10:15

మాస్టారు గారూ, ఆ నంబర్ల సంగతి నాకు తెలుసు! ఒక పౌనుకు, అంటే 454 గ్రాములకు, ఎన్ని గుడ్లు తూగుతాయో ఆ అంకె. 180 అంటే పెద్ద గుడ్డు, 320 అంటే చిన్నది. అంకె పెరిగే కొద్దీ గుడ్డు చిన్నదవుతుంది. చాలామంది 320 అంటే ఎక్కువ నాణ్యత అనుకుని అడుగుతారు. మాకు రోజూ కనిపించే సంగతి కదా అని ఎప్పుడూ రాయలేదు.

ఈ రోజు గోదాములో అడిగాను. ఇప్పుడు కొడుతున్నది బయటి పిక్క. ఇక్కడి పిక్క కొన్ని బస్తాలే మిగిలాయి. రేపటి నుంచి వాటిని విడిగా కొడదామన్నారు నాన్నగారు. తోట బొమ్మ పేజీ నుంచి తీసేశాను.

వెలుగునీడ (రాజాం) – బుధవారం ఉదయం 7:44

ఒక హెచ్చరిక. ఫాలోవర్లు ఎక్కువ ఉన్న వాళ్లకు ఉచితంగా ప్యాకెట్లు పంపి పొగిడించుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. అలా చేస్తే, అది ప్రచారమని ఆ వీడియోలోనే స్పష్టంగా చెప్పాలి. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో దీనిపై మార్గదర్శకాలు ఇచ్చింది. జీడిపప్పు తింటే షుగరు తగ్గుతుంది, జుట్టు పెరుగుతుంది లాంటి మాటలు ఎవరితోనూ చెప్పించకండి, మీరూ రాయకండి.

మందస రైతు – బుధవారం ఉదయం 8:30

బొమ్మ తీసేశారని చదివాను. సంతోషం. నిజమైన తోట బొమ్మ కావాలంటే పూత సమయంలో మా తోటకు రండి. జీడిపూత వాసన ఎలా ఉంటుందో కూడా రాయవచ్చు. నేను ఘాటుగా రాసినందుకు ఏమీ అనుకోకండి.

కుట్టుమిషను (విజయనగరం) – బుధవారం మధ్యాహ్నం 1:20

చెల్లీ, వాట్సాప్ బిజినెస్ పెట్టుకున్నావా? మామూలు వాట్సాప్‌లో అమ్మవద్దు. బిజినెస్‌లో అయితే కేటలాగు ఉంటుంది, ధర అడిగిన ప్రతివాళ్లకూ మళ్లీ మళ్లీ టైపు చేసే బాధ ఉండదు. బ్రాడ్‌కాస్ట్ జాబితా నుంచి పంపిన సందేశం, నీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. అందుకే ప్రతి ప్యాకెట్లో ఒక చీటీ పెట్టు, నంబరు సేవ్ చేసుకోమని చేత్తో రాసి. గూగుల్ మ్యాప్‌లో ఫ్యాక్టరీని నమోదు చెయ్యి, దానికి డబ్బు అడగరు. కాశీబుగ్గ బస్టాండు దగ్గర దిగి జీడిపప్పు ఎక్కడ దొరుకుతుందని ఫోనులో వెతికేవాళ్లు ఎంతమందో!

రోజుకొక రీలు అవసరం లేదు. వారానికి ఒకటి చెయ్యి, కాని ఏ వారమూ మానకు.

ఉద్దానం అమ్మాయి (కాశీబుగ్గ) – శుక్రవారం రాత్రి 10:02

మొదటి టపా రాశాను. బయట పెట్టే ముందు మీరు చదవండి. సగమే ఇక్కడ ఇస్తున్నాను.

"మా దగ్గర పిక్క కొట్టే పెద్దమ్మ పనికి కూర్చునే ముందు చేతులకు ఆముదం రాసుకుని, పైన బూడిద అద్దుకుంటుంది. జీడి పెంకులో నల్లటి జిడ్డు ఉంటుంది. అది చర్మానికి తగిలితే కాలిపోతుంది. ఆముదం రాసుకున్నా ఆమె వేళ్ల చివర్లు నల్లగానే ఉంటాయి. చేతి మిషను కింద పిక్కను నిలబెట్టి, కాలితో తొక్కితే పెంకు రెండుగా విడిపోతుంది. బలం ఎక్కువైతే గుడ్డు బద్దలవుతుంది. గుడ్డుకు ఉన్న ధర బద్దకు లేదు. రోజంతా ఆమె కాలు ఆ బలాన్ని కొలుస్తూనే ఉంటుంది. నేను ఒక గంట కూర్చున్నాను. ఇరవై పిక్కలు కొడితే పదమూడు బద్దలయ్యాయి. ఆమె నవ్వి, నా కాలి కింద పీట ఒక అంగుళం వెనక్కి జరిపింది.

మీరు కొనే ఈ ప్యాకెట్లోని పిక్క ఆఫ్రికా నుంచి వచ్చింది. కొట్టింది, ఎండబెట్టింది, పొట్టు తీసింది కాశీబుగ్గలో. ఉద్దానం తోటల పిక్కతో చేసిన పప్పు కొద్దిగానే ఉంది, దాని మీద వేరే లేబులు వేశాం. పెంకు తీసిన పప్పును బోర్మాలో, అంటే వేడి గదిలో, ఎనిమిది గంటలు ఆరబెడతాం..."

ఈ టపాకు నా పేరే పెట్టాను. ముఖం ఇంకా పెట్టలేదు. పెద్దమ్మను అడిగితే తన పేరు వేయమంది, ఫొటో మాత్రం పండక్కి కొత్త చీర కట్టుకున్నప్పుడు తీయమంది.

పనసకర్ర (బొబ్బిలి) – శుక్రవారం రాత్రి 10:40

పీట అంగుళం వెనక్కి జరిపిన చోట ఆగిపోయాను. రెండుసార్లు చదివాను. ఇంక దేన్నీ దిద్దవద్దు. ఆఫ్రికా మాట మొదటి వాక్యంలోకి తెస్తారేమో ఆలోచించండి, చివర్లో ఉంటే దాచినట్టు అనిపించవచ్చు.

గంటస్తంభం (విజయనగరం) – శనివారం ఉదయం 5:55

బొబ్బిలి అబ్బాయి మాటతో నేను ఏకీభవించను. ముందు ఆ పెద్దమ్మ చేతులే ఉండాలి. ఎవరు కొట్టారో తెలిశాక పిక్క ఎక్కడిదో చదివినా ఆ పని విలువ తగ్గదు. ఒక్కటే సవరణ: "ఈ ప్యాకెట్లోని" అన్నావు, చదివేవాడి చేతిలో ప్యాకెట్ లేదు కదా. "ఇప్పుడు మేం అమ్ముతున్న" అని రాయి.

ఉద్దానం అమ్మాయి (కాశీబుగ్గ) – శనివారం రాత్రి 9:30

మాస్టారు గారి సవరణ చేసి ఉదయం పదింటికి టపా పెట్టాను. ఇప్పటికి తొంభై మంది చదివారు, రెండు ఆర్డర్లు వచ్చాయి. ఒకటి ఉద్దానం పిక్క పప్పుకే, ధర ఎక్కువని తెలిసి కూడా.

నాన్నగారికి ఫోనులో చదివి వినిపించాను. పెద్దమ్మ దగ్గర ఏమీ అనలేదు. ఆఫ్రికా మాట దగ్గర కూడా ఏమీ అనలేదు. బోర్మా దగ్గరికి వచ్చేసరికి ఆపమన్నారు. "ఎనిమిది గంటలు అని ఎవరు చెప్పారు నీకు? వానాకాలంలో అంత చాలదు. గంటలు చూసి తీయం, గుప్పెడు పప్పు చేతిలోకి తీసుకుని నలిపితే పొట్టు రాలాలి. అది రాయి" అన్నారు. కాగితం తెమ్మని, గ్రేడు గదిలో కూర్చుని ఇంకా చెబుతూనే ఉన్నారు. మూడు పేజీలు అయ్యాయి. నేను అన్నానికి లేచి వచ్చాను, ఆయన ఇంకా అక్కడే ఉన్నారు.